నలభయ్యో అంతస్తా, నల్లకుంట వీధా: హైదరాబాద్‌లో ఇల్లు ఎంచుకునేవాళ్ల కోసం

ఫ్లాట్ చూడటానికి వెళ్లిన ఏ కుటుంబమైనా దాదాపు ఒకే వరసలో చూస్తుంది. గుమ్మం ఏ దిక్కు, వంటగది ఆగ్నేయంలో ఉందా, పెద్ద బెడ్‌రూమ్‌లో మంచం వేశాక బీరువాకి చోటుంటుందా, బాల్కనీలోంచి ఏం కనిపిస్తుంది. ఆ తర్వాత క్లబ్ హౌస్, ఈతకొలను, జిమ్. గంటన్నరలో పని అయిపోతుంది. గేటు బయట ఏముందో చూడటానికి ఐదు నిమిషాలు కూడా పెట్టరు. కారులో వచ్చారు, కారులోనే వెళ్లిపోతారు. తీరా ఆ ఇంట్లో కాపురం మొదలయ్యాక రోజు ఎలా గడవాలో తేల్చేది చాలావరకు గేటు బయట ఉన్నదే. టైల్స్ మార్చుకోవచ్చు, వంటగది విప్పి మళ్లీ కట్టించుకోవచ్చు. వీధిని మాత్రం ఎవరూ మార్చుకోలేరు. అందుకే ఈ పోలికలో ముందు వీధి, తర్వాతే ఇల్లు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఇల్లు కొనాలనుకునే ఉద్యోగస్తుల ఇంట్లో చర్చ సాధారణంగా మూడింటి మధ్య నడుస్తుంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల గేటెడ్ కమ్యూనిటీ టవర్‌లో ఫ్లాట్ ఒకటి. నల్లకుంట, విద్యానగర్, మారేడ్‌పల్లి, ఎస్సార్ నగర్, విజయనగర్ కాలనీ లాంటి పాత చోట్ల ఐదంతస్తుల స్టాండలోన్ అపార్ట్‌మెంట్ రెండోది. ఘట్‌కేసర్, ఆదిభట్ల, షాద్‌నగర్ వైపు లేఅవుట్‌లో స్థలం కొని సొంతంగా కట్టుకోవడం మూడోది. మూడూ ఒకే ధరకి రావు. అయినా భర్తకి ఒకటి, భార్యకి ఒకటి, మామగారికి ఇంకొకటి నచ్చి మూడూ ఒకే టేబుల్ మీదకి వస్తాయి.

విల్లాల సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. టవర్ ధర, శివారు దూరం రెండూ కలిపి మోయాల్సిన బేరం అది. డబ్బుకి లోటు లేక, ఆఫీసుకి రోజూ వెళ్లే పని లేనివాళ్లు చూసుకోవచ్చు.

టవర్లు అంత ఎత్తు ఎందుకు లేచాయి

జనం ఎత్తుని కోరుకున్నారు కాబట్టి టవర్లు వచ్చాయని బిల్డర్లు అంటారు. అసలు కథ భూమి దగ్గర మొదలైంది. చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్ఎస్ఐ పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన జీవో 86 ఆ పరిమితిని ఎత్తేసింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ముందున్న రోడ్డు తగినంత వెడల్పుండి, చుట్టూ వదలాల్సిన ఖాళీ వదిలి, అగ్నిమాపక శాఖ, విమానాశ్రయ అధికారులు సరేనంటే పైకి కట్టుకుంటూ పోవచ్చు. ఎంతైనా కట్టొచ్చని తెలిశాక భూమి ధర కూడా ఆ అంతస్తులన్నీ ముందే లెక్కేసుకుని పెరుగుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత పోసి కొన్నవాడు నాలుగంతస్తులు కట్టి ఊరుకుంటాడా?

ఈ సంగతి తెలిసి ఉంటే బ్రోషర్‌ని ఇంకో కంటితో చదవొచ్చు. మబ్బుల్లో జీవితం, ఆకాశ వనం, అనంతమైన దృశ్యం లాంటి మాటలన్నీ ఆ భూమి లెక్క కుదిరాక తీరిగ్గా రాసినవి. వాటిలో కొన్ని నిజమే. ఇరవై అంతస్తుల పైన దోమలు తక్కువ, దుమ్ము తక్కువ, గాలి ఎక్కువ. గండిపేట చెరువు వైపు తిరిగిన ఫ్లాట్‌లో సాయంత్రం కూర్చుంటే బాగుండదని ఎవరూ అనలేరు. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో ఇంకో టవర్ లేవనంతవరకు.

డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యాన్ గేల్ చాలా ఏళ్లుగా ఒక మాట చెబుతున్నాడు: ఐదో అంతస్తు దాటితే మనిషికి వీధితో సంబంధం తెగిపోతుంది. ఇది కవిత్వం కాదు, కంటికీ చెవికీ సంబంధించిన లెక్క. మూడో అంతస్తు బాల్కనీ నుంచి కూరగాయల బండాయన్ని ఆపొచ్చు, కింద ఆడుకుంటున్న పిల్లాడి మొహం చూసి వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చెప్పొచ్చు, ఎదురింటావిడతో రెండు మాటలు మాట్లాడొచ్చు. ఇరవై ఎనిమిదో అంతస్తు నుంచి కార్ల పైకప్పులు కనిపిస్తాయి. కొత్తిమీర కట్ట అయిపోతే ఫోన్‌లో ఆర్డర్ పెట్టాలి. పది నిమిషాల్లో వస్తుంది, నిజమే. ఆ తెచ్చిన కుర్రాడి మొహం రెండోసారి కనపడదు.

కింద పోడియం మీద, అంటే టవర్ల అడుగున ఉమ్మడిగా వేసిన వేదిక మీద, తోట ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అయితే ఆ తోట చాలాచోట్ల పార్కింగ్ శ్లాబు మీద పోసిన మట్టిలో పెరుగుతుంది. వేపో చింతో వేళ్లు దించడానికి ఆ లోతు చాలదు. అందుకే ఏ కమ్యూనిటీకి వెళ్లినా అవే పొట్టి తాటి జాతి మొక్కలు, అదే లాన్, అవే పూల పొదలు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికి అక్కడ నిలబడటానికి నీడ దొరకదు. అలాగే ఎనభై శాతం ఓపెన్ స్పేస్ అని రాసినప్పుడు అందులో ఫైరింజన్ తిరగడానికి వదిలిన చుట్టూ రోడ్డు ఎంతో అడగండి. అది నిబంధన ప్రకారం వదలక తప్పనిది, మీకు ఇచ్చిన కానుక కాదు.

ఇంకొక విషయం గేటు లోపలున్నవాళ్లకి కనిపించదు, బయట నడిచేవాళ్లకే కనిపిస్తుంది. ఐదెకరాలు, పదెకరాలు, ఇరవై ఎకరాల చొప్పున ప్రహరీలు పక్కపక్కనే లేస్తే వాటి మధ్య రోడ్డు మీద కొట్టుండదు, గుమ్మముండదు, కిటికీ ఉండదు. ఒక గేటు నుంచి ఇంకో గేటు దాకా గోడ, గోడ పక్కన ఫుట్‌పాత్ ఉండీ లేనట్టు. రాత్రి తొమ్మిది తర్వాత ఆ గోడ వెంట ఆడపిల్ల ఒంటరిగా నడవాలంటే భయం. గేటు లోపల కెమెరాలు ఉన్నందుకు టవర్‌ని సురక్షితం అంటాం. బయటి రోడ్డు అంత భయంగా తయారవడంలో ఆ ప్రహరీ వంతు ఎంతో ఎవరూ లెక్కేయరు. పనిచేయడానికి వచ్చే ఆడవాళ్లు బస్సు దిగి ఆ గోడ వెంటే నడిచొస్తారు, గేటు దగ్గర యాప్‌లో అనుమతి వచ్చేదాకా నిలబడతారు, చాలాచోట్ల వాళ్లకి లిఫ్టు కూడా వేరు. ఆ ఏర్పాటు చూసి పెరిగే పిల్లలు ఏం నేర్చుకుంటారన్నది కూడా ఇల్లు ఎంచుకునేటప్పుడు ఆలోచించాల్సినదే అని నా ఉద్దేశం.

ఇంత చెప్పాక టవర్‌కి దక్కాల్సిన మార్కులు కూడా వేయాలి. బేస్‌మెంట్లోకి కార్లన్నీ పంపేశారు కాబట్టి పైన పిల్లలు భయం లేకుండా పరిగెత్తుతారు; ఏ పాత కాలనీ వీధిలోనూ ఇప్పుడు అది సాధ్యం కాదు. కరెంటు పోతే జనరేటర్ ఉంది. లిఫ్టులు ఒకటికి నాలుగు. చక్రాల కుర్చీ గేటు నుంచి మంచం దాకా ఎక్కడా మెట్టు తగలకుండా వెళ్తుంది. బతుకమ్మకి, వినాయక చవితికి ఒకచోట మూడొందల మంది చేరతారు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చే అమ్మాయికి క్యాబ్ దిగిన చోటి నుంచి తలుపు దాకా వెలుతురు ఉంటుంది. ఇద్దరూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే పనిచేస్తూ, ఐదేళ్లలోపు పిల్లలున్న జంటకి నేను టవర్ వద్దని చెప్పను.

పాత కాలనీ: బాగున్నది బయట, బాగోనిది లోపల

పాత కాలనీ అపార్ట్‌మెంట్ సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఇక్కడ వీధి గెలుస్తుంది, భవనం ఓడిపోతుంది.

విద్యానగర్‌లోనో నల్లకుంటలోనో ఒక ఫర్లాంగు నడిస్తే పాల బూత్, పిండి మర, ఇస్త్రీ బండి, కర్రీ పాయింట్, మందుల షాపు, టైలర్, జిరాక్స్ సెంటర్, హోమియో డాక్టర్ తగులుతాయి. ఇవి ఎవరో ప్లాన్ చేసి పెట్టినవి కావు. చిన్న స్థలాలు, వీధి మీదకి తెరుచుకునే గుమ్మాలు, కింద ఒక గదిని కొట్టుగా మార్చుకోగలిగే వీలు, ఒకే వీధిలో రకరకాల సంపాదనల వాళ్లు — ఇవన్నీ కలిస్తే కొట్లు వాటంతట అవే మొలుస్తాయి. కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ కట్టినప్పుడు ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ ఇళ్లని, అంటే తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాల వాళ్ల ఇళ్లని, ఒకే కాలనీలో పెట్టారు. ఇప్పుడు కేపీహెచ్‌బీలో నడవడానికి చోటుండదని తిట్టుకుంటాం గానీ, అక్కడ ఏది కావాలన్నా కాలినడకన దొరకడానికి ఆ కలగలుపే మూలం. టవర్లున్న కొత్త పడమటి ప్రాంతంలో లేనిది అదే. అక్కడ ఒక టవర్‌లో అందరి జీతం దాదాపు ఒకటే, వయసు దాదాపు ఒకటే, ఆఫీసు కూడా దాదాపు ఒకే రోడ్డు మీద.

మెట్రో కూడా పాత ఊరినే పట్టుకుని వెళ్తుంది. 2017 నవంబరులో మొదలై విడతలుగా పెరిగిన మెట్రో ఇప్పుడు మూడు లైన్లలో మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్ మధ్య నడుస్తోంది. అమీర్‌పేటకో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కో నడిచి వెళ్లగల ఇంట్లో ఉంటే కాలేజీకెళ్లే పిల్లకి బండి కొనివ్వక్కర్లేదు, డెబ్బై ఏళ్ల నాన్నగారికి హాస్పిటల్‌కి వెళ్లాలంటే కొడుకు సెలవు పెట్టే పని లేదు. పడమటి వైపు లైను రాయదుర్గంలో ఆగిపోతుంది. ఆ తర్వాత కోకాపేట దాకా కారో, క్యాబో, షేర్ ఆటోనో.

ఇక భవనం. ఎత్తు 18 మీటర్లకి చేరితే హైరైజ్ కింద లెక్క, అక్కడి నుంచి నిబంధనలు బిగుస్తాయి. నగరమంతా స్టిల్టు మీద, అంటే కింద పార్కింగ్‌కి వదిలిన స్తంభాల అంతస్తు మీద, ఐదంతస్తులు వేసి ఆగిన భవనాలు కనిపించడానికి కారణం అదే. ఇంటి యజమాని తన 400 గజాలు డెవలప్‌మెంట్‌కి ఇస్తాడు, బిల్డర్ కట్టి సగం తీసుకుంటాడు. ఇద్దరికీ ఒక్కో అడుగూ డబ్బే కాబట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీని తలా కొంచెం మింగుతారు. ఫలితం ఏంటంటే బెడ్‌రూమ్ కిటికీ తెరిస్తే పక్కింటి వంటగది చిమ్నీ. మధ్యాహ్నం పన్నెండింటికి లైటు వేయాలి. టెర్రస్ మీద ప్లానులో లేని పెంట్‌హౌస్. ఒకటే లిఫ్టు, అది కూడా నెలకోసారి మొరాయిస్తుంది. అసోసియేషన్ అంటే రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ పెద్దాయన. ఆయన అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్తే ఆర్నెల్లపాటు అసోసియేషన్ కూడా అమెరికాలోనే ఉంటుంది.

కాబట్టి ఇక్కడ కొనేవాళ్లు ఇంటీరియర్ చూసి మురిసిపోకుండా కాగితాలూ గొట్టాలూ చూడాలి. మంజూరైన ప్లాన్ అడిగి, కట్టిన భవనం పక్కన పెట్టి చూడండి. ప్లాన్ ప్రకారమే కట్టారు, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా? నిబంధనల ప్రకారం బిల్డర్ కట్టిన విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ప్లాన్ ప్రకారం కట్టి సర్టిఫికెట్ తీసుకుంటేనే అది విడుదలవుతుంది. మీరు చూస్తున్న ఫ్లాట్ ఆ తనఖాలో ఉన్నదేమో కనుక్కోండి. కొత్తగా కడుతున్నదైతే ఇంకో మెలిక ఉంది: స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా, బిల్డర్ల మీద నిఘా ఉంచే సంస్థ రెరాలో నమోదు చేయక్కర్లేదు. అంటే చిన్న బిల్డర్ ఆలస్యం చేస్తే మీరు వెళ్లి ఫిర్యాదు చేసే తలుపు ఒకటి ముందే మూసుకుపోయి ఉంటుంది.

బోరు ఎన్ని అడుగుల్లో ఉంది, ఎండాకాలం ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు అన్నది అమ్మేవాణ్ని అడిగి లాభం లేదు, వాచ్‌మన్ భార్యని అడగండి. 2020 అక్టోబరు వానల్లో ఆ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో కిరాణా కొట్టాయన చెయ్యి పెట్టి మరీ చూపిస్తాడు.

స్థలం కొని కట్టుకోవడం

మన పెద్దవాళ్ల మనసు ఎప్పుడూ ఇటే లాగుతుంది. నేల మనదైతేనే ఇల్లు మనదన్నది వాళ్ల నమ్మకం, అది తీసిపారేయాల్సింది కూడా కాదు. 200 గజాల్లో కింద అమ్మానాన్న, పైన మనం, ముందు వరండా, పెరట్లో మామిడి చెట్టు, వర్షం నీళ్లు ఇంకే గుంత, కప్పు మీద సోలార్. ఎండకి తగ్గట్టు, గాలికి తగ్గట్టు కిటికీలు పెట్టించుకోవడం ఈ ఒక్క దారిలోనే సాధ్యం. అనుమతుల బాధ కూడా మునుపటంత లేదు. భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు ఇంటికి అనుమతి అక్కర్లేదంది, 600 గజాల దాకా చిన్న ఇళ్లకి సొంత ధ్రువీకరణతోనే అనుమతి ఇస్తుంది. ఆ ధ్రువీకరణలో అబద్ధం ఉంటే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది.

ఇబ్బంది వీధి దగ్గరే వస్తుంది. లేఅవుట్ కాగితం మీద 40 అడుగుల రోడ్లు, పార్కు స్థలం, విద్యుత్ స్తంభాలు, అన్నీ ఉంటాయి. ఉండనిది మనుషులు. కొన్నవాళ్లలో ఎక్కువమంది ధర పెరిగాక అమ్ముదామని కొన్నవాళ్లే. పదేళ్లయినా ప్రతి నాలుగు స్థలాల్లో మూడింట్లో తుమ్మ పొదలు, కుక్కల గుంపులు. పాలవాడు రాడు, స్కూల్ బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆపుతుంది, చెత్త బండి ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. అలాంటి చోట ఒంటరిగా ఇల్లు కట్టుకున్నవాళ్లు ముందు చేయించేది ఎత్తయిన ప్రహరీ, నాలుగు కెమెరాలు. ఒక్క ఇంటికి ఒక గేటెడ్ కమ్యూనిటీ అన్నమాట.

అందుకని స్థలం చూడటానికి పొద్దున్న కాకుండా రాత్రి ఎనిమిదింటికి వెళ్లండి. ఎన్ని ఇళ్లల్లో దీపాలు వెలుగుతున్నాయో చూస్తే ఆ లేఅవుట్ ఎప్పటికి ఊరవుతుందో తెలిసిపోతుంది.

చెరువుల మాట తప్పకుండా చూసుకోవాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని స్థలం. హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులో మీ సర్వే నంబర్ ఎక్కడుందో చూసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కూల్చివేతలు టీవీలో చూసినవాళ్లందరికీ ఇది తెలుసు, అయినా అమ్మేవాళ్లు నీళ్లు లేని వేసవిలోనే స్థలాలు చూపిస్తారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల మీద 1996 నాటి జీవో 111 ఆంక్షలు పెట్టింది. దాని భవిష్యత్తు మీద రాజకీయాలు ఎటు తిరిగినా, ఆ గ్రామాల్లో చౌకగా వచ్చిందని కొన్నవాళ్లు ఆ తిరుగుళ్లన్నీ భరించాల్సి ఉంటుంది. ఆ జలాశయాలు 1908 మూసీ వరద నగరాన్ని ముంచాక కట్టినవి. అక్కడ నీరు ఎటు పారాలన్నది పాత లెక్క, మన రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ కొత్తది.

ఎండ ఎవరి గోడ మీద పడుతుంది

వాస్తు చూస్తాం, సూర్యుణ్ని చూడం. తూర్పు గుమ్మం కావాలని పది లక్షలు ఎక్కువ ఇచ్చి కొన్న ఫ్లాట్‌లో ఆ గుమ్మం ట్యూబ్ లైట్ల కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. హాల్ అద్దాల తలుపులు పడమటికి ఉంటాయి. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండ సోఫా మీదకే వస్తుంది, తెరలు మూసి ఏసీ వేస్తారు. అనంతమైన దృశ్యం కోసం ఇచ్చిన డబ్బుకి రోజూ ఆ నాలుగు గంటలు తెర చాటునే గడుస్తాయి.

హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కొంచెం ఉత్తరానికి వాలి ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణానికి. ఈ రెండు వైపులా కిటికీ మీద రెండడుగుల సజ్జా ఉంటే చాలావరకు ఎండ ఆగుతుంది. పడమటి ఎండ అడ్డంగా వస్తుంది కాబట్టి సజ్జా ఆపలేదు. లోతైన బాల్కనీ, నిలువు అడ్డులు, లేదా చెట్టు కావాలి. ముఖమంతా అద్దం తొడిగిన టవర్లలో సజ్జా అన్న మాటే ఉండదు. అల్యూమినియం అచ్చుల్లో మొత్తం కాంక్రీటు గోడలు పోసే మైవాన్ పద్ధతిలో పని త్వరగా అవుతుంది, గోడ నున్నగా వస్తుంది. కానీ పగలంతా ఎండ తిన్న ఆ కాంక్రీటు రాత్రి పది తర్వాత కూడా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. రేపు రెండు గదులు ఒకటి చేద్దామన్నా గోడ కొట్టడానికి వీల్లేదు, ఎందుకంటే భవనం బరువు మోసేది ఆ గోడలే.

దీన్నంతా ఎవరూ కనిపెట్టలేదా అంటే ఇదే ఊళ్లో అరవై ఏళ్ల కిందటే చేసి చూపించారు. ఎలక్ట్రానిక్స్ ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ ఆఫీసు భవనాన్ని 1960ల చివర్లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా గీశారు. ఏసీ మీద ఆధారపడకుండా, కప్పు మీద నీడ పందిరి వేసి, భవనం తనకి తానే గొడుగు పట్టుకునేలా తీర్చారు. ఆ సంస్థ ఉద్యోగుల టౌన్‌షిప్ ఇంకో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి పని. ఆర్కిటెక్ట్‌లకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్‌ని 2018లో అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. ఇద్దరూ ఎండని శత్రువుగా చూసి అద్దం వెనక దాక్కోలేదు. నీడలో బయట కూర్చోగలిగితే సగం బతుకు బయటే గడపొచ్చన్నది వాళ్ల పద్ధతి. మన పల్లెల్లో అరుగులు కట్టినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు.

పాత అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు కొంటుంటే కప్పు వేడిని బేరంలో పెట్టండి. తెల్లని కూల్ రూఫ్ పూత పెద్ద ఖర్చు కాదు, 2023లో రాష్ట్రం దానికోసం ఒక విధానమే తెచ్చింది. మధ్య అంతస్తు అయితే ఎదురెదురుగా రెండు వైపులా కిటికీలున్నాయా అన్నది ఒక్కటి చూస్తే చాలు. ఒకవైపే కిటికీలున్న ఇంట్లో గాలి లోపలికి వస్తుంది గానీ బయటికి పోదు, పోనప్పుడు వచ్చేదీ తక్కువే.

డబ్బు

లెక్కలు త్వరగా చెప్పేస్తాను. 500 గజాల్లో పది ఫ్లాట్ల భవనం ఉంటే ఒక్కో ఫ్లాట్‌కి భూమిలో వాటా, అంటే యూడీఎస్, 50 గజాలు. ఐదెకరాల్లో వెయ్యి ఫ్లాట్ల టవర్లు లేస్తే ఒక్కో దానికి 24 గజాలు. ముప్ఫై, నలభై ఏళ్లకి భవనం పాతబడుతుంది, మిగిలేది ఆ వాటా. పది మంది కూర్చుని పడగొట్టి కట్టుకుందామని ఒప్పుకోవడం కష్టం. వెయ్యి మంది ఒప్పుకోవడం ఎలా ఉంటుందో ఈ నగరం ఇంకా చూడలేదు. నలభై అంతస్తుల భవనాన్ని వాడకంలో ఉంచడానికి లిఫ్టులు, పంపులు, ఫైర్ వ్యవస్థ, బయటి రంగు, అన్నీ మార్చాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు కోసం కూడబెట్టే ఉమ్మడి నిధి, అంటే కార్పస్ ఫండ్, ఎంత, ఎవరి చేతిలో ఉంది అన్నది ఈతకొలను లోతు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

మెయింటెనెన్స్ చదరపు అడుగుకి 4 రూపాయలనుకుంటే 2000 అడుగుల ఫ్లాట్‌కి నెలకి 8000. నెలకి 7500 దాటి, అసోసియేషన్ వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటితే మీద 18 శాతం జీఎస్టీ. లోన్ తీరిపోయాక కూడా ఇది ఆగదు. రిటైరయ్యాక పెన్షన్‌లోంచి ఇంత కట్టగలరా అన్నది నలభై ఏళ్ల వయసులో ఎవరూ ఆలోచించరు.

ధర ఎప్పుడూ కార్పెట్ ఏరియా మీదే పోల్చండి. 2016 నాటి రెరా చట్టం దానికి నిర్వచనం ఇచ్చింది: బయటి గోడలు, బాల్కనీ పోగా లోపల వాడుకునే నేల. బిల్డర్ చెప్పే అడుగుల్లో లాబీ, లిఫ్టు, మెట్లు, క్లబ్ హౌస్ వాటా కలిసి ఉంటాయి. పాత కాలనీలో 1300 అడుగుల ఇల్లు, టవర్‌లో 1700 అడుగుల ఇల్లు ఒక్కోసారి లోపల కొలిస్తే పెద్ద తేడా ఉండదు.

ఎవరికి ఏది

ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లు ఉండి, వాళ్ల కాళ్లు బాగా ఆడుతుంటే పాత కాలనీ. వాళ్లకి కావాల్సింది గుడి, లైబ్రరీ, మందుల షాపు, పేరు పెట్టి పలకరించే నలుగురు. నడక కష్టమై, వీల్‌చెయిర్ మీద ఉంటే టవరే మేలు. పాత భవనంలో లిఫ్టు దాకా చేరడానికే ఐదు మెట్లుంటాయి.

పన్నెండు దాటిన పిల్లలుంటే నా ఓటు గట్టిగా పాత కాలనీకే. ఆ వయసులో పిల్లలకి ఒంటరిగా బయటికి వెళ్లి రావడం రావాలి: బస్సెక్కడం, చిల్లర లెక్కపెట్టుకోవడం, దారి తప్పి అడిగి తెలుసుకోవడం. ప్రతిచోటికీ కారులో దించి ఎక్కించుకునే పిల్లకి ఆ అవకాశం ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో చేరేదాకా రాదు. చిన్న పిల్లల విషయంలో ఇందాకే చెప్పాను, టవర్ మంచిది.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడ కొనేవాళ్లకి తాళం వేసి వెళ్లగల టవర్ ఫ్లాట్ సులువు. అద్దెకి ఇవ్వడమూ సులువు. వాళ్లు ఈ వీధుల చర్చంతా వదిలేయొచ్చు. అయితే రిటైరయ్యాక వచ్చి ఉండాలనుకుంటే మాత్రం, అప్పటికి కారు నడపగలరా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

సొంతంగా కట్టుకోవడం, అందులో ఆనందపడేవాళ్లకే. మేస్త్రీతో ఏడాదిపాటు రోజూ మాట్లాడే ఓపిక, ఆ ఏడాది ఇంట్లో ఒకరికి తీరిక ఉండాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి, ఊళ్లో పుట్టి పెరిగి నేల వాసన లేకుండా ఉండలేనివాళ్లకి బాగుంటుంది. ఆఫీసుకి రోజూ పోను ముప్ఫై, రాను ముప్ఫై కిలోమీటర్లు తిరిగేవాళ్లు ఆ వరండాలో కూర్చునేది ఆదివారమే.

ఏది తేల్చుకున్నా వెంటనే కొనకండి. అదే వీధిలో, కుదిరితే అదే భవనంలో ఆర్నెల్లు అద్దెకి ఉండి చూడండి, ఆ ఆర్నెల్లలో ఒక వేసవి గానీ ఒక వానాకాలం గానీ పడేట్టు. పెద్ద కమ్యూనిటీల్లో ఎప్పుడూ ఏదో ఒక ఫ్లాట్ అద్దెకి ఉంటుంది, పాత కాలనీల్లో గేటుకి టులెట్ బోర్డు వేలాడుతుంది. శివారు లేఅవుట్‌లో మాత్రం అద్దె ఇల్లు దొరకడమే కష్టం. అది కూడా మీకు కావాల్సిన సమాచారమే.